మూడు బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు గెలిపించిన పాయింట్ గార్డ్‌ని పాయింట్లు లేవని తీసేశారు. పాయింట్ గార్డ్‌ని అసలు ఎలా అంచనా వేయాలి?

పటమట_బౌన్స్‌పాస్

మా ఆదివారం గ్రూపులో ఇంటర్ చదివే కుర్రాడు ఒకడున్నాడు, పాయింట్ గార్డ్, అంటే బంతి పైకి తెచ్చి ఆట నడిపించేవాడు. పేరు వద్దులెండి. మొన్న ఒక టోర్నీకి టీమ్ ఎంపిక జరిగితే వాడిని తీసేశారు. వాళ్ల నాన్న వెళ్లి కారణం అడిగితే ఎంపిక చేసినాయన స్కోర్‌షీట్ ముందు పెట్టి, మూడు మ్యాచ్‌లు కలిపి మీవాడు కొట్టిన పాయింట్లు ఇవీ, మీరే చూసుకోండి అన్నాడట. ఆ మూడు మ్యాచ్‌లూ వాళ్ల టీమే గెలిచింది! నేను రెండు చూశాను. వీడు కోర్టులో ఉన్నంతసేపు బంతి ఎవరి చేతిలోనూ ఇరుక్కోలేదు, అవతలివాళ్లు ఫుల్ కోర్ట్ ప్రెస్ వేసినా (కోర్టు పొడవునా మీదపడి అడ్డుకున్నా) ఎనిమిది సెకన్లలో సెంటర్ లైన్ దాటేసింది, రింగ్ దగ్గర ఆడే మా పొడుగు సెంటర్‌కి ఎప్పుడూ బోర్డు కిందే అందింది. వీడు బెంచ్ మీద కూర్చోగానే మిగతా నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇదంతా ఏ కాగితంలో ఉంటుంది?

పాయింట్లు, అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాసులు) పక్కన పెట్టి చెప్పండి. ఒక పాయింట్ గార్డ్ బాగా ఆడాడా లేదా అన్నది మీరు దేన్ని బట్టి చూస్తారు? నాకు మాటలు సరిపోక ఆ రోజు వాళ్ల నాన్నకి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే అడుగుతున్నా.

వడ్డేశ్వరం_హాస్టల్

అన్నా, నంబర్లు లేకుండా ఎలా? అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఓక్లహామా గార్డ్ వెస్ట్‌బ్రూక్ 2016-17 సీజన్ సగటు చూడు. 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (షాట్ పోయాక బంతి పట్టడం), 10.4 అసిస్టులు. సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు ఎంవీపీ ఇచ్చారు. ఇప్పుడు పెద్ద గార్డులంతా స్కోర్ చేసేవాళ్లే. స్కోర్ చేయని గార్డ్ పాతకాలం సరుకు.

బ్రాడీపేట_4/14

ఆ సీజన్‌లో ఓక్లహామా 47 మ్యాచ్‌లు గెలిచి, మొదటి రౌండ్లోనే హ్యూస్టన్ చేతిలో 4-1 తేడాతో ఓడి ఇంటికి పోయింది. అది కూడా చెప్పు తమ్ముడూ.

వడ్డేశ్వరం_హాస్టల్

చెప్తా. ఆ సిరీస్‌లో అతను కూర్చున్న ప్రతిసారీ టీమ్ కుప్పకూలింది. తప్పు అతనిదా, బెంచ్‌దా?

బ్రాడీపేట_4/14

చూశావా, నువ్వు ఇప్పుడు వాడిన వాదన బాక్స్ స్కోర్‌లో (ఒక్కో ఆటగాడి లెక్కల పట్టికలో) పాయింట్ల గడిలో లేదు. పటమట అన్న అడిగేది అదే.

స్కోర్‌టేబుల్_మాస్టారు

నేను చాలా కాలంగా టేబుల్ దగ్గర కూర్చునేవాడిని కాబట్టి అసలు విషయం చెబుతాను. మన లోకల్ టోర్నీల్లో బాక్స్ స్కోర్ అనేదే ఉండదు. ఉండేది అఫీషియల్ స్కోర్‌షీట్. రెండూ వేరు.

స్కోర్‌షీట్‌లో రన్నింగ్ స్కోర్ ఉంటుంది. షాట్ పడితే ఆ అంకె మీద అడ్డగీత, ఫ్రీ త్రో అయితే నల్ల చుక్క, పక్కన కొట్టినవాడి నంబర్, మూడు పాయింట్ల షాట్ అయితే ఆ నంబర్ చుట్టూ సున్నా. ఒకటి, మూడు క్వార్టర్లు ఎర్ర ఇంకు, రెండు, నాలుగు నీలమో నలుపో. ఆటగాళ్ల పేర్ల పక్కన ఫౌల్స్. పైన టీమ్ ఫౌల్స్, టైమ్ అవుట్లు. అంతే. అసిస్ట్‌కి గడి లేదు. రీబౌండ్‌కి లేదు, స్టీల్‌కి (బంతి లాక్కోవడం) లేదు, టర్నోవర్‌కి (బంతి పోగొట్టుకోవడం) లేదు. ఆటగాడు మొదటిసారి కోర్టులో దిగినప్పుడు ఒక ఇంటూ గుర్తు పెడతాం గానీ ఎప్పుడు బయటికి వెళ్లాడు, మళ్లీ ఎప్పుడు వచ్చాడు అన్నది రాయం. కాబట్టి అతను ఉన్నప్పుడు టీమ్ ఎంత ముందుంది, లేనప్పుడు ఎంత వెనకబడింది అనేది ఆ షీట్ నుంచి లెక్క కట్టడం కుదరదు.

అసిస్టులు, రీబౌండ్లు కావాలంటే వేరే మనుషులు వేరే కాగితం మీద రాయాలి. పెద్ద పోటీల్లో ఉంటారు. మన దగ్గర స్కోరర్, టైమర్ దొరకడమే గగనం. ఆ కాగితం చూసి మంచి షూటర్‌ని పట్టుకోవచ్చు. ఫౌల్స్ ఎక్కువ చేసేవాణ్ణి పట్టుకోవచ్చు. పాయింట్ గార్డ్ మాత్రం అందులో దొరకడు. ఆయన చూపించిన కాగితం అసలు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి పుట్టింది కాదు.

పటమట_బౌన్స్‌పాస్

మాస్టారూ, ఈ ఒక్క పోస్ట్ ప్రింట్ తీసి వాళ్ల నాన్నకి ఇస్తాను.

కృష్ణలంక_లెఫ్టీ

ఎర్ర ఇంకు సంగతి ఇన్నాళ్లూ నాకు తెలీదు. మొదటి క్వార్టర్లో కొడితే తప్పులు దిద్దినట్టు రాస్తారేంటా అనుకునేవాణ్ణి 😄

అమరావతిరోడ్_అక్క

నేను యూనివర్సిటీకి పాయింట్ గార్డ్ ఆడాను, ఇప్పుడు గుంటూరులో పిల్లలకి నేర్పుతున్నాను. నేను మ్యాచ్ చూసేటప్పుడు ఏం చూస్తానో చెబుతాను. పెద్ద పోస్టే అవుతుంది, ఓపికగా చదవండి.

ముందు చూసేది పాస్ అందుకున్నవాడి చేతులు. పాస్ వెళ్లిందా లేదా కాదు, ఎక్కడికి వెళ్లింది? షూటర్‌కి ఛాతీ దగ్గర అందితే పట్టుకున్న ఊపులోనే షాట్ వేస్తాడు. అదే మోకాళ్ల దగ్గర అందితే వంగి, లేచి, సర్దుకునేలోపు డిఫెండర్ మీదికి వచ్చేస్తాడు. షాట్ పోతుంది, తప్పు షూటర్ ఖాతాలో పడుతుంది. రెండు పాసులూ కాగితం మీద ఒకటే, అంటే రెండూ లేవు! షాట్ పడితేనే కదా అసిస్ట్.

రెండోది, బంతి సెంటర్ లైన్ దాటేసరికి గడియారంలో ఎంత మిగిలింది. షాట్ వేయడానికి 24 సెకన్లు ఉంటాయి. ఏడెనిమిది సెకన్లు బంతి పైకి తేవడంలోనే గడిపేస్తే, ప్లే పెట్టి మొదటి ఆలోచన పారకపోతే రెండో ఆలోచనకి టైమ్ ఉండదు. నాలుగు సెకన్లలో తెచ్చేవాడు తన టీమ్‌కి ఇంకో అవకాశం ఇస్తున్నట్టు. మన లోకల్ గ్రౌండ్స్‌లో చాలా చోట్ల షాట్ క్లాక్ కనపడదు, రిఫరీ అరుస్తాడు, అయినా ఈ తేడా కంటికి తెలుస్తుంది.

మూడోది నాకు ప్రాణం. షాట్ పోయిన తర్వాత మొదట వెనక్కి పరిగెత్తేది ఎవరు? మనవాళ్లు నలుగురు రీబౌండ్ కోసం లోపల ఉంటారు. పాయింట్ గార్డ్ పైన ఉండి అవతలివాళ్ల ఫాస్ట్ బ్రేక్‌ని (మనవాళ్లు సర్దుకోకముందే చేసే మెరుపు దాడిని) ఆపాలి. ఆపడమంటే బంతి లాక్కోవడం అక్కర్లేదు, మూడు సెకన్లు ఆలస్యం చేస్తే చాలు, మిగతావాళ్లు వచ్చేస్తారు. ఆ మూడు సెకన్లకి ప్రపంచంలో ఎక్కడా మార్కులు లేవు.

ఇంకొకటి, మన దగ్గర నడిచే ఫీబా (అంతర్జాతీయ సమాఖ్య) రూల్స్‌లో ఆటగాడు టైమ్ అవుట్ అడగలేడు, కోచ్ వైపు నుంచే అడగాలి. ఎన్‌బీఏలో ఆటగాడే అడగొచ్చు. అందుకని వరసగా మూడు బాస్కెట్లు తిన్నప్పుడు ఇక్కడ పాయింట్ గార్డే టైమ్ అవుట్. బంతి నెమ్మదిగా తెచ్చి, చెయ్యెత్తి ప్లే చెప్పి, ఊపిరి పీల్చుకునే టైమ్ ఇచ్చి, ఒక మంచి షాట్ వేయించాలి. పెళ్లి భోజనాల దగ్గర బంతి నడిపించే పెద్దమనిషిని చూశారుగా, ఆయన గరిటె పట్టడు, కానీ ఏ విస్తరి ఖాళీగా ఉందో ఆయనకే ముందు తెలుస్తుంది. నేను పాయింట్ గార్డ్‌లో వెతికేది అది.

పున్నమిఘాట్_రన్నర్

అక్కా, నేను బాస్కెట్‌బాల్‌కి కొత్త, పిల్లాడిని చేర్చాను కాబట్టి చదువుతున్నా. ఇది చదివాక మొన్నటి మ్యాచ్ మళ్లీ చూడాలనిపిస్తోంది.

గుంటూరు_జంప్‌షాట్

అందరూ భలే చెబుతున్నారు గానీ నేను అడ్డం పడతాను. ఏమనుకోవద్దు.

స్కోర్‌షీట్ వద్దు, కంటితో చూడాలి అంటున్నారు. ఎవరి కన్ను? మా చెల్లెలు స్కూల్లో ఆడేటప్పుడు ఒక ఎంపికలో "ఆట బాగుంది గానీ కోర్ట్ విజన్ లేదు" అని పక్కన పెట్టారు. ఎంపికైన అమ్మాయి ఎవరికి చుట్టమో ఊరందరికీ తెలుసు. కోర్ట్ విజన్‌ని ఎవరు కొలుస్తారు? ఎదురు అడగడానికి మా చేతిలో ఏమీ లేదు. తర్వాతి ఏడాది అది పాయింట్లు దంచేసింది, ఆ కాగితం పట్టుకుని మా నాన్న వెళ్తే ఎవరూ నోరు మెదపలేదు. రికమెండేషన్ లేని పిల్లలకి ఉన్న ఒకే ఆధారం ఆ అంకె. దాన్ని తీసేసి "నాయకత్వం, ప్రశాంతత, ఊపిరి" అంటే రేపు ఎవరిని కావాలంటే వాళ్లని లోపలికి తోసేస్తారు.

పటమట అన్న కుర్రాడికి అన్యాయం జరిగింది, ఒప్పుకుంటా. కానీ మందు ఇది కాదు.

అమరావతిరోడ్_అక్క

తమ్ముడూ, నువ్వు చెప్పింది నాకు బాగా తెలుసు, ఆడపిల్లల ఎంపికల్లో ఇంకా ఎక్కువ. కానీ పాయింట్ల కాగితమే ఆధారమైతే ఏమవుతుందో చూశావా? ఎంపిక మ్యాచ్‌లో అయిదుగురూ షాట్లే వేస్తారు. ఖాళీగా ఉన్న పిల్ల చెయ్యెత్తి అరుస్తూనే ఉంటుంది, ఎవరూ బంతి ఇవ్వరు. నిజాయితీగా పాస్ ఇచ్చిన పాపం పాయింట్ గార్డ్‌కి తగులుతుంది. నేను చూసిన ఎంపికలన్నీ ఇలాగే ఉన్నాయి.

ఎక్సెల్_సుబ్బు

ఇద్దరూ చెప్పేది కలుస్తుంది. కన్ను చూసినదాన్ని లెక్కగా మార్చాలి. ఎవరు లెక్కపెట్టినా దాదాపు ఒకే అంకె వచ్చేలా ఉండాలి.

అసిస్ట్ అలాంటిది కాదు, అది తెలుసుకోండి. అసిస్ట్ ఇవ్వాలా వద్దా అన్నది లెక్క రాసేవాడి నిర్ణయం. పాస్ అందుకున్నాక ఒక డ్రిబుల్ వేసి షాట్ వేస్తే ఇవ్వాలా, రెండు వేస్తే? పైగా పద్ధతులు వేరు. పాస్ అందుకున్నవాడి మీద షాట్ వేస్తుండగా ఫౌల్ అయి, ఫ్రీ త్రోల్లో ఒకటైనా పడితే ఫీబా లెక్కలో పాస్ ఇచ్చినవాడికి అసిస్ట్ వస్తుంది. ఎన్‌బీఏలో రాదు. ఒకే పాస్, ఒక దేశంలో ఉంది, ఇంకో దేశంలో లేదు.

ఇక వేగం. స్కాట్ స్కైల్స్ 1990 డిసెంబర్ 30న ఓర్లాండోకి ఆడుతూ ఒకే మ్యాచ్‌లో 30 అసిస్టులు ఇచ్చాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. గొప్ప ఆటే, కాదనను. కానీ అవతల ఉన్నది ఆ సీజన్ డెన్వర్. పాల్ వెస్ట్‌హెడ్ కోచ్, పరుగే పరుగు, మ్యాచ్‌కి సగటున 130.8 పాయింట్లు సమర్పించుకున్న టీమ్. అంత పరుగులో అవకాశాలు కూడా ఎక్కువే వస్తాయి. అందుకే మ్యాచ్‌కి ఎన్ని అని కాకుండా పొజెషన్‌కి (బంతి చేతికొచ్చిన ఒక్కో విడతకి) ఎన్ని అని చూడాలి. నెమ్మదిగా ఆడే టీమ్ గార్డ్‌కి 5 అసిస్టులంటే పరుగు టీమ్ గార్డ్‌కి 8 కంటే ఎక్కువ కావచ్చు.

వడ్డేశ్వరం_హాస్టల్

మరి ఎన్‌బీఏ కెరీర్ రికార్డు, స్టాక్టన్ 15,806 అసిస్టులు? అవి కూడా వేగమేనా?

ఎక్సెల్_సుబ్బు

కాదు, అక్కడ ఇంకో సంగతి. కార్ల్ మలోన్ లాంటి ఫినిషర్ పక్కన ఉన్నాడు. పాస్ సగం, షాట్ సగం. అలాగని స్టాక్టన్‌ని తగ్గించలేం, స్టీల్స్‌లోనూ అతనే ముందు, 3,265. నేను అనేది, అసిస్ట్ ఇద్దరు కలిసి చేసే పని, పేరు ఒకరిదే రాస్తారు.

బ్రాడీపేట_4/14

స్టాక్టన్ అంటే నాకు అసిస్టుల కంటే స్క్రీన్లు గుర్తొస్తాయి. ఆరడుగుల ఒక అంగుళం మనిషి తన కంటే అడుగు పొడుగున్నవాళ్లకి అడ్డం నిలబడేవాడు. ఆ స్క్రీన్ వల్ల ఎవడో ఖాళీ అవుతాడు, ఇంకెవడో పాస్ ఇస్తాడు, మూడోవాడు కొడతాడు. స్టాక్టన్ పేరు ఎక్కడా ఉండదు. ఇప్పుడైతే స్క్రీన్ అసిస్టులని ఎన్‌బీఏవాళ్లు లెక్కపెడుతున్నారు. పాస్‌ని చేత్తో తాకి చెదరగొట్టడం, అవతలివాడితో ఒఫెన్సివ్ ఫౌల్ చేయించడం, పడిపోయిన బంతి కోసం దూకడం, అన్నీ 2016 నుంచి రాస్తున్నారు. అంతకుముందే 2013-14లో అన్ని ఎరీనాల్లో కెమెరాలు పెట్టి ఎవరు ఎటు కదిలారో మొత్తం పట్టారు.

పున్నమిఘాట్_రన్నర్

ప్లస్ మైనస్ అని ఒకటి వింటున్నా. అది ఏంటి?

ఎక్సెల్_సుబ్బు

నువ్వు కోర్టులో ఉన్నంతసేపూ మన టీమ్ ఎన్ని కొట్టింది, అవతలివాళ్లు ఎన్ని కొట్టారు, ఆ తేడా. 20 కొట్టి 14 ఇస్తే ప్లస్ 6. పటమట అన్న చెప్పిన "వీడు కూర్చోగానే ముఖాలు చూసుకున్నారు" అన్నదానికి ఇది అంకె రూపం. కానీ ఒక్క మ్యాచ్‌కి దీన్ని నమ్మకూడదు. నీతోపాటు ఉన్న నలుగురూ మంచివాళ్లైతే నీదీ మంచిగా కనిపిస్తుంది, అవతలి టీమ్ బెంచ్ ఆటగాళ్లకి ఎదురుగా ఆడితే ఇంకా మంచిగా. చాలా మ్యాచ్‌లు కలిపితేనే దానికి అర్థం.

కృష్ణలంక_లెఫ్టీ

మా టీమ్‌లో ఏసీ రూమ్‌లో కూర్చున్నట్టు బెంచ్ మీద కూర్చునే ఒకడి ప్లస్ మైనస్ ఎప్పుడూ సున్నా. లీగ్‌లో అత్యంత స్థిరమైన ఆటగాడు.

గుంటూరు_జంప్‌షాట్

సరే సుబ్బు అన్నా, కానీ పాయింట్ల విషయం పూర్తిగా వదిలేస్తున్నారు అందరూ. షాట్ వేయని పాయింట్ గార్డ్ వల్ల టీమ్‌కి నష్టం లేదా? అతని డిఫెండర్ అతన్ని వదిలేసి వెళ్లి రింగ్ కింద నిలబడతాడు. సెంటర్‌కి బంతి అందగానే ఇద్దరు మీద పడతారు. పిక్ అండ్ రోల్‌లో (స్క్రీన్ పెట్టినవాడు రింగ్ వైపు తిరిగే ప్లేలో) డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి హాయిగా నడిచొస్తాడు, ఎందుకంటే వీడు మూడు పాయింట్ల షాట్ వేయడని తెలుసు. అయిదుగురు నలుగురైపోతారు. పటమట అన్నా, మీవాడు ఖాళీగా ఉన్నప్పుడు వేస్తాడా?

పటమట_బౌన్స్‌పాస్

వేస్తాడు, తక్కువ వేస్తాడు. ఎల్బో (ఫ్రీ త్రో గీత మూల) దగ్గర నుంచి బాగానే పడుతుంది. మూడు పాయింట్ల గీత బయట నుంచి మాత్రం భయపడతాడు.

గుంటూరు_జంప్‌షాట్

అదీ. అప్పుడు ఎంపిక చేసినాయన మాట వందకి వంద తప్పు కాదు. కారణం తప్పు కాగితం నుంచి తీశాడు, అంతే.

అమరావతిరోడ్_అక్క

ఈ మాట నేనూ అంటాను. పాయింట్లు ఎన్ని అన్నది ముఖ్యం కాదు, అతన్ని చూసి డిఫెన్స్ భయపడుతుందా అన్నది ముఖ్యం. గోల్డెన్ స్టేట్ గార్డ్ కరీని చూడండి. రింగ్‌కి ముప్పై అడుగుల దూరంలో ఉండగానే ఇద్దరు మీదకొస్తారు. అతను తన టీమ్‌లోని డ్రేమండ్‌కి చిన్న పాస్ ఇస్తాడు. ఇప్పుడు నలుగురు ముగ్గురి మీద ఆడుతున్నారు. డ్రేమండ్ మూలకి విసురుతాడు, మూలలో ఉన్నవాడు కొడతాడు. అసిస్ట్ డ్రేమండ్‌ది, పాయింట్లు మూలలోవాడివి. మొత్తం పుట్టించినవాడికి ఆ పొజెషన్‌లో సున్నా. అసిస్ట్‌కి ముందు పాస్ ఎవరిచ్చారు అన్నది నేను మా పిల్లల మ్యాచ్‌ల్లో తప్పకుండా రాయిస్తాను. పాయింట్ గార్డ్‌ని పట్టుకోవడానికి నాకు దొరికిన అన్నిటికంటే మంచి లెక్క అదే.

వడ్డేశ్వరం_హాస్టల్

అక్కా, కరీ ఒకే సీజన్‌లో 402 త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) కొట్టాడు కాబట్టి ఇద్దరు వస్తారు. అంటే మళ్లీ పాయింట్ల దగ్గరికే వచ్చాం 😀 కొట్టగలిగినవాడికే ఆ భయం.

బ్రాడీపేట_4/14

అందరికీ కరీ అవసరం లేదు. జేసన్ కిడ్ 2011లో డాలస్‌తో టైటిల్ గెలిచేటప్పటికి 38 ఏళ్లు. ఆ సీజన్ సగటు 7.9 పాయింట్లు. మన ఎంపిక కమిటీ ఉంటే తీసేసేది. ఫైనల్లో మయామీ మీద ఆ వయసులో తన కంటే బలమైనవాళ్లకి అడ్డం నిలబడ్డాడు, డాలస్ స్టార్ నోవిట్జ్కీకి ఎక్కడ కావాలో అక్కడ బంతి పెట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు లేని త్రీ షాట్ ఆ వయసులో నేర్చుకుని ఉన్నాడు కూడా, అందుకే వదిలేయడం కుదరలేదు.

స్కోర్‌టేబుల్_మాస్టారు

పాయింట్ గార్డ్ స్టీవ్ నాష్‌ని మరిచిపోయారు. ఫీనిక్స్ 2003-04లో 29 గెలిచింది. అతను వచ్చిన 2004-05లో 62. అతని సగటు 15.5 పాయింట్లే, అసిస్టులు 11.5. ఎంవీపీ ఇచ్చారు.

ఎక్సెల్_సుబ్బు

మాస్టారూ, అందులో తోటి ఆటగాళ్లు స్టౌడమైర్, మేరియన్, కోచ్ డి'యాంటోని పద్ధతి కూడా ఉన్నాయి. 33 గెలుపుల తేడా మొత్తం ఒకరి ఖాతాలో వేయలేం. కానీ ఎక్కువ వాటా అతనిదే అని నేనూ అంటాను.

కృష్ణలంక_లెఫ్టీ

ఈ మధ్యది ఇండియానా గార్డ్ హాలిబర్టన్. 2025 ప్లేఆఫ్స్ టైమ్‌లో ఆటగాళ్లనే పేర్లు బయటపెట్టకుండా అడిగితే, అర్హతకి మించిన పేరు ఎవరికి ఉంది అన్న ప్రశ్నకి ఎక్కువ ఓట్లు పడింది అతనికే. తర్వాత న్యూయార్క్ మీద ఒక మ్యాచ్‌లో 32 పాయింట్లు, 15 అసిస్టులు, 12 రీబౌండ్లు, టర్నోవర్లు సున్నా. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 0.3 సెకన్లు ఉండగా కొట్టి 111-110తో గెలిపించాడు. ఇక్కడ పొద్దున ఆరింటికి మొదలైన మ్యాచ్ అది, మా ఇంట్లో నా కేకకి పక్కవాళ్లు తలుపు కొట్టారు.

వడ్డేశ్వరం_హాస్టల్

అవన్నీ బాక్స్ స్కోర్‌లో ఉన్నవే కదా లెఫ్టీ.

కృష్ణలంక_లెఫ్టీ

ఆ సున్నా చూడమంటున్నా. బంతి మ్యాచంతా చేతిలో ఉండి ఒక్కటి కూడా పోగొట్టకపోవడం. 32 చూసి అందరూ ఆగిపోతారు.

అమరావతిరోడ్_అక్క

టర్నోవర్ గురించి ఒక మాట. సున్నా ఎప్పుడూ మంచిదని కాదు. అసలు రిస్క్ తీసుకోకుండా పక్కవాడికి పక్కవాడికి ఇచ్చుకుంటూ పోయే గార్డ్‌కి కూడా సున్నా వస్తుంది. నేను టర్నోవర్లని రెండు రకాలుగా రాయిస్తాను. బంతి గీత బయటికి పోయిందా, అవతలివాడి చేతిలో పడిందా. గీత బయటికి పోతే మనవాళ్లు వెనక్కి వచ్చి నిలబడే టైమ్ ఉంటుంది. మధ్య కోర్టులో చేతికి చిక్కితే రెండు పాయింట్లు రాసిచ్చినట్టే.

స్కోర్‌టేబుల్_మాస్టారు

ఇంకోటి నేను టేబుల్ దగ్గర కూర్చుని గమనించేది, టీమ్ ఫౌల్స్ లెక్క ఏ పాయింట్ గార్డ్‌కి తెలుసు అన్నది. క్వార్టర్‌లో అవతలి టీమ్‌కి నాలుగు ఫౌల్స్ అయిపోయాయంటే అయిదోదాని నుంచి మనకి రెండు ఫ్రీ త్రోలు. తెలివైన గార్డ్ అప్పుడు బయట నుంచి షాట్లు వేయించడు, లోపలికి దూసుకెళ్తాడు, లేదా దూసుకెళ్లేవాడికి ఇస్తాడు. కొందరు పిల్లలు డెడ్ బాల్ అయినప్పుడల్లా మా టేబుల్ మీదున్న ఫౌల్ మార్కర్ వైపు ఒక చూపు చూసి వెళ్తారు. వాళ్లు వేరే రకం. అలాగే క్వార్టర్ చివర 35 సెకన్లు ఉండగా తొందరగా ఒక షాట్ వేయిస్తే, అవతలివాళ్లు 24 వాడుకున్నా చివరి బంతి మళ్లీ మనకే వస్తుంది. పెద్దవాళ్లలో కూడా చాలామందికి ఈ లెక్క పట్టదు.

పటమట_బౌన్స్‌పాస్

మాస్టారూ, మావాడు టేబుల్ వైపు చూస్తాడు! ఎందుకు చూస్తున్నాడో నాకు ఇప్పుడు అర్థమైంది.

పున్నమిఘాట్_రన్నర్

మీరంతా అమెరికా వాళ్ల గురించే చెబుతున్నారు. మన ఇండియా గార్డుల ఉదాహరణలు లేవా?

బ్రాడీపేట_4/14

ఎందుకు లేవు, విశేష్ భృగువంశీ ఇండియా కెప్టెన్‌గా చాలా కాలం ఆడాడు, 2017లో ఆస్ట్రేలియాలో అడిలైడ్ టీమ్ కూడా తీసుకుంది. కానీ మన మ్యాచ్‌లకి ఇంత లోతైన లెక్కలు, వీడియోలు జనం చేతికి రావు. చూసినవాళ్లు చెప్పుకోవడమే. దొరికే చోట నుంచి నేర్చుకుని మన దగ్గర మనమే రాసుకోవాలి.

గుంటూరు_జంప్‌షాట్

సరే, నా అసలు ప్రశ్న అలాగే ఉంది. ఎంపికలో ఎవరూ దాచలేని, మార్చలేని లెక్క కావాలి. రేపు ఒక తండ్రి వెళ్లి "ఇదిగో" అని చూపించగలిగేది. ఇక్కడ చెప్పినవాటిలో ఏవి అలా పనికొస్తాయి? అన్నీ రాయడం ఎవరివల్లా కాదు.

ఎక్సెల్_సుబ్బు

నా వరకు నాలుగైదు చాలు. ఫోన్ స్టాండ్ మీద పెట్టి మ్యాచ్ మొత్తం వీడియో తీయాలి, అది మొదటి షరతు. వీడియో ఉంటే ఎవరైనా మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు, ఇక కన్ను ఎవరిది అన్న గొడవ పోతుంది. తర్వాత ఆ గార్డ్ బంతి తెచ్చిన ప్రతి పొజెషన్‌కి ఒక వరస. చివరికి ఏమైంది: మంచి షాట్, కష్టమైన షాట్, ఫౌల్, టర్నోవర్. షాట్ పడిందా అన్నది రాయొద్దు, ఎలాంటి షాట్ దొరికింది అన్నదే రాయండి. అసిస్ట్‌కి ముందు పాస్ రాయండి. అక్క చెప్పిన రెండు రకాల టర్నోవర్లు. అతను కోర్టులో ఉన్న టైమ్, అప్పటి స్కోర్, బయటికి వెళ్లిన టైమ్, అప్పటి స్కోర్. దీనితో ప్లస్ మైనస్ తనంతట తనే వస్తుంది.

అమరావతిరోడ్_అక్క

ఎదుటి పాయింట్ గార్డ్‌ని కూడా రాయండి సుబ్బూ. మనవాడు కాపలా కాసినప్పుడు అవతలి గార్డ్ బంతిని ఎక్కడ ఇవ్వాల్సి వచ్చింది? తనకి నచ్చిన చోటా, సైడ్ లైన్ దగ్గర ఇరుక్కునా? సగం ఆట డిఫెన్స్‌లోనే ఉంది, ఇంత మాట్లాడి ఎవరూ పెద్దగా దాని జోలికి వెళ్లలేదు.

వడ్డేశ్వరం_హాస్టల్

మంచి షాట్, కష్టమైన షాట్ ఎవరు నిర్ణయిస్తారు? మళ్లీ అదే గొడవ.

ఎక్సెల్_సుబ్బు

చెయ్యి చాపితే తగిలేంత దూరంలో డిఫెండర్ లేకపోతే మంచి షాట్. వీడియో ఆపి చూస్తే తెలిసిపోతుంది. ఇద్దరు వేర్వేరుగా రాసి, తేడా వచ్చిన చోట మళ్లీ చూడండి.

గుంటూరు_జంప్‌షాట్

ఇది నాకు నచ్చింది. ఎంపికలకి ఇలా అడగొచ్చు, వీడియో తీయనివ్వండి అని. కాదంటే ఎందుకు కాదంటున్నారో చెప్పాల్సి వస్తుంది. మా చెల్లెలికి అప్పట్లో ఇది ఉంటే బాగుండేది.

పటమట_బౌన్స్‌పాస్

ఈ ఆదివారం రెండు టీమ్‌లుగా ఆడి వీడియో తీశాం. లెఫ్టీ, నేను వేర్వేరుగా రాశాం. సెంటర్‌కి దొరికిన షాట్లన్నీ దాదాపు మంచివే, మేం అనుకున్నట్టే. కానీ ఒక విషయం మాకు ఇన్నాళ్లూ కనిపించలేదు. ప్రెస్ వేసినప్పుడు మావాడు ప్రతిసారీ కుడివైపే తీసుకెళ్తున్నాడు. ఒక్కసారి కూడా ఎడమకి వెళ్లలేదు. తెలిసిన డిఫెండర్ ఆ వైపు మూసేస్తే సైడ్ లైన్‌కి ఇరుక్కుంటాడు. చేతికి చిక్కిన టర్నోవర్లన్నీ అక్కడే వచ్చాయి. గెలిచిన మ్యాచ్‌ల్లో ఎదురు టీమ్‌వాళ్లు అది కనిపెట్టలేదు, అంతే.

కృష్ణలంక_లెఫ్టీ

నేను కనిపెట్టాను. నేను లెఫ్టీని కాబట్టి వాడు నా బలమైన చేతివైపే వచ్చి పడుతున్నాడు, నాకు పండగ.

అమరావతిరోడ్_అక్క

బాధపడకండి, ఇది దొరకడమే మంచిది. వాడికి వీడియో చూపించండి, తిట్టకుండా. ముందు ఒక వారం కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమ చేత్తోనే ఎండ్ లైన్ నుంచి ఎండ్ లైన్ వరకు. తల ఎత్తి, మీరు ఎదురుగా నిలబడి వేళ్లు చూపించండి, ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. తర్వాత ఒక డిఫెండర్‌ని పెట్టి కుడివైపు పూర్తిగా మూసేయించండి. త్రీ షాట్ సంగతి దాని తర్వాత చూద్దాం, రెండూ ఒకేసారి పెడితే పిల్లాడికి టెన్షన్.

పటమట_బౌన్స్‌పాస్

లెఫ్టీనే డిఫెండర్‌గా పెడతాను అక్కా. వాళ్ల నాన్నతో కూడా మాట్లాడాను, తర్వాతి ఎంపికకి వీడియో తీయడానికి ముందే లెటర్ పెట్టి అనుమతి అడుగుతానన్నాడు.

స్కోర్‌టేబుల్_మాస్టారు

ఆ లెటర్ ముసాయిదా నాకు పంపండి, నేను చూస్తాను. ఆదివారం టేబుల్ దగ్గర కూర్చోవడానికి కూడా వస్తాను, సబ్‌స్టిట్యూషన్ టైమ్‌లు నేను రాస్తా. ఇద్దరు కుర్రాళ్లని నా పక్కన కూర్చోబెట్టండి, వాళ్లకి షీట్ రాయడం నేర్పిస్తాను.